ముగింపు లేని నర్సవ్వ కథ

ఈ రోజు ఎనిమిదో తరగతికి పాత్రలు, స్థలం, కాలం, సంఘర్షణ, ముగింపు గురించి పాఠం చెప్పాను. నేను చదివింది ఉర్దూలో. నిజాం పాలన పోయి మా సుల్తానాబాద్ బడి తెలుగులోకి మారాక, ఈ పాఠాలు పిల్లలకంటే ఒక్క రోజు ముందు నేర్చుకుంటున్నాను.

ఎవరైనా ఒక సొంత కథ చెప్పమన్నాను. నేతగాళ్ల పిల్ల నర్సవ్వ లేచింది.

"ఒక పిల్ల పొద్దుగాల బడికి వచ్చింది సార్."

అంతే, కూర్చోబోయింది. అందరూ పకపకా నవ్వారు.

"మరి ఇందుల సంఘర్షణ ఏదమ్మా?" అన్నాను.

"బాపు బడి బంద్ చేసి మగ్గానికి నూలు కండెలు చుట్టుమన్నడు సార్. అవ్వ, 'గవి నేను చుడ్త, నువ్వు ఉరుకు' అన్నది."

నవ్వులు ఆగిపోయాయి. ముగింపేమిటని మెల్లగా అడిగాను.

"ఇంకా ఇంటికి పోలే గద సార్!"

నేను ఇంతసేపూ చెప్పిన పాఠమంతా ఆ పిల్ల నాలుగు మాటల్లో పెట్టేసింది. ఇలాంటి పిల్లను కండెల దగ్గర కూర్చోబెట్టడమా? బడి విడిచాక నేనూ ఆమె వెంట వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల బాపు మగ్గం ఆపకుండానే, పిల్లను బడి మాన్పించొద్దన్న నా మాటలన్నీ విని, "సూద్దాం సార్" అన్నాడు.

రేపు హాజరు పిలిచేదాకా ముగింపు నాకూ తెలియదు. మీరైతే ఆయనతో ఇంకేం చెప్పేవారు?