మాటకు మూడు రూపాయలు, తరుగు పోను

నిజామాబాద్ కోర్టు పక్క సందులో కూర్చొని పాత ఉర్దూ కాగితాలను తెలుగులోకి మార్చడం నా పని. ఉర్దూ మా బాపు నేర్పిండు. రేటు ఎట్ల చెప్పాలెనో నేర్పలేదు.

మొదట పేజీకి ఇంత అన్న. పాత దస్తావేజుల్లో ఒక్కో పేజీ లుంగీ అంత ఉంటదని అర్థమయ్యేసరికి ఏడాది గడిచింది. తర్వాత గంటకు ఇంత అన్న. ఒకాయన ఎదురుగా కూర్చొని, నేను చాయ్ తాగినంతసేపు తన వాచీని అరచేత్తో మూసిపెట్టిండు. చివరికి, పెద్ద పట్నాలల్ల అట్లనే తీసుకుంటరని చదివి, తెలుగులో మాటకు మూడు రూపాయలు అని అట్ట మీద రాసి తగిలించిన. ఇందులో ఇగ ఎవరూ వేలు పెట్టలేరని నా ధీమా.

ఆ వారమే బోధన్ దిక్కు నుంచి ఒక చెరుకు రైతు వచ్చిండు. డెబ్బై దాటిన మనిషి. పక్క పొలమాయన పిల్లకాలువ పూడ్చిండట, నిజాంసాగర్ నీళ్లు ఈయన చెరుకు దాకా వస్తలేవు. తాత పొలం కొన్న కాగితంలో నీళ్ల సంగతి ఉన్నదని ఇంట్లో చెప్పుకునేవారట. అది కాలువల ఆఫీసులో చూపియ్యాలె.

కాగితంలో "తూర్పున కాలువ" అని కనబడింది. చాలనుకున్న. అంతా కలిపి నాలుగు వందల మాటలైతయని చెప్పిన.

పెద్దాయన అట్ట దిక్కు చూసిండు. "సారూ, మా చెరుకుకు ఫ్యాక్టరీ తూకంల ఆకు అని, మట్టి అని తరుగు తీస్తరు. నీ మాటలకు లేదా?"

"మాటలకు మట్టి ఉంటదా, బాపూ?"

"సదువు, సూద్దాం."

చదివిన. అమ్మినాయన బిరుదులు తరుగు. పదిసార్లు వచ్చిన "పైన చెప్పిన సదరు" తరుగు. నాకూ హుషారొచ్చింది. అంచు మీద అడ్డంగా ఉన్న గీతల్ని చూపించి, "ఇది ఎవరో గుమాస్తా గీకుడు, ఇదీ తీసెయ్" అన్న. నిజానికి అది నాకు చదవరాలేదు. ఆ మాట చెప్తే రేటు పడిపోతదని భయం.

పది రోజులకు మళ్లీ వచ్చిండు. నేను రాసిచ్చింది ఆఫీసుల చూపిస్తే, కాలువ ఉన్నదని రాస్తే సరిపోదట, నీళ్లు ఈ పొలానికి రావాలెనని ఎక్కడుందని అడిగిండ్రట.

"చెరుకు ఎండుతున్నది సారూ," అన్నడు. తిట్టలేదు. తిడితే బాగుండు.

భూతద్దం తీసి అంచు మీద పెట్టిన. పొద్దున మొదలుపెడితే పొద్దుగూకింది. మొత్తం ఏడు మాటలు: "పిల్లకాలువ నీళ్లు ఈ పొలానికి పోవడాన్ని ఎవ్వరూ అడ్డుకోరాదు." టైపు చేసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టిచ్చిన.

"ఎంత?"

"వద్దు బాపూ. తప్పు నాది."

"ఫుకట్ కాగితం ఆఫీసుల నిలబడ్తదా? ఎంతనో చెప్పు."

"ఇరవై ఒకటి."

కాగితం మీద వేలు పెట్టి మాటలు లెక్కపెట్టిండు. "ఇందుల తరుగు?"

"లేదు."

ఇరవై ఒక్క రూపాయలు టేబుల్ మీద పెట్టి పోయిండు. ఒక దినమంతా కూర్చున్నందుకు, నా అట్ట ప్రకారం, సరిగ్గా అంతే.

నెల దాటినంక మళ్లీ వచ్చిండు, ఈసారి వెంట ఇంకొకాయన. చేతిలో మడతలు పడ్డ ఉర్దూ కాగితం.

"నీళ్లు పారుతున్నయి సారూ. కాలువ పూడ్చినాయన గీయననే. ఈయన కాగితంల ఏమున్నదో సూడాల్నట," అని కుర్చీ లాక్కున్నడు. "ముందుగాల అంచు సదువు."