ఒకే తప్పుకు ఎనిమిది కోతలు

1961 జూన్‌లో నన్ను ఆదిలాబాద్ జిల్లాలో, చెన్నూరు అవతల గోదావరి పక్కనున్న ఒక హైస్కూలుకు ఇంగ్లీషు అసిస్టెంటుగా బదిలీ చేశారు. అసిస్టెంటు అంటే హెడ్మాస్టరు కింద పై తరగతులకు పాఠం చెప్పే పట్టభద్రుడు. స్కూలు పేరు చెప్పను. చెబితే నా కోపం ఇప్పుడక్కడ పనిచేసే అమాయకులకు తగులుతుంది.

ఆ రోజుల్లో, హైస్కూలు చదువు చివర రాసే హెచ్‌ఎస్‌సి పబ్లిక్ పరీక్షకు ముందు, జనవరిలో, స్కూల్లోనే సెలెక్షన్ పరీక్ష పెట్టేవాళ్లం. అందులో ఒక్క సబ్జెక్టు తప్పినా పబ్లిక్ పరీక్షకు పంపకుండా ఆపేయవచ్చు. పిల్లలకు తమ లోటు తెలియడానికని పెట్టిన పరీక్ష అది. మా హెడ్మాస్టరు మాత్రం స్కూలు ఫలితం చెడకుండా బలహీనులను ఏరి పక్కన పెట్టడానికి వాడుకున్నారు.

ఆ జనవరి ఇంగ్లీషు పేపరు నేనే తయారుచేశాను. అన్నిటికంటే పొడవైనది, అందరికంటే పెద్దవాడు అని ఇంగ్లీషులో చెప్పేటప్పుడు ముందు ‘ది’ అనే చిన్న మాట పెట్టాలి. ‘ది లాంగెస్ట్ రివర్’ అనాలి. తెలుగులో దాని అవసరమే లేదు కాబట్టి మా పిల్లలు వదిలేసేవాళ్లు. నాకది గిట్టేది కాదు. దాని మీద పది వాక్యాలు ఇచ్చి, ‘ది’ లేని ప్రతిచోటా అర మార్కు కోశాను. కఠినంగా దిద్దుతానని నాకు పేరు. ఆ పేరంటే లోలోపల గర్వం కూడా.

ఎస్తేరు అనే అమ్మాయి ఎనిమిది చోట్ల ‘ది’ వదిలేసింది. పాసుకు ముప్పై అయిదు కావాలి, ముప్పై రెండు వచ్చాయి. ఆమె తండ్రి దావీదు ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు ఆరబెట్టే కల్లంలో, మిగతా రోజులు పొలాల్లో కూలి చేసేవాడు. మిషన్ ఆసుపత్రిలో ఎస్తేరుకు నర్సు శిక్షణలో చోటిస్తామన్నారు, ఆ ఏడే హెచ్‌ఎస్‌సి పాసైతేనే. దావీదు స్టాఫ్ రూము గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“సారూ, పిల్లను పరీక్షల కూసోనియ్యుండ్రి. ఫేలైతే మా నసీబు.”

నేను హెడ్మాస్టరును అడగమన్నాను. ఆయన నన్ను చూపించారు. “మార్కులు ఏసింది మీ సారే. నేనేం జేస్త?”

అదే రోజు ఊరి పటేలు కొడుకుకు లెక్కల్లో ఏడు మార్కులు కలిపి పబ్లిక్ పరీక్షకు పంపారు. చూసి కూడా నోరు మూసుకున్నాను.

ఏప్రిల్‌లో పబ్లిక్ పరీక్ష పేపర్లు దిద్దడానికి నన్ను హైదరాబాదుకు పిలిచారు. దిద్దే ముందు చీఫ్ ఎగ్జామినరు నియమాలు చదివి వినిపించారు. ఒక ప్రశ్నలో ఒకే రకం తప్పు ఎన్నిసార్లు వచ్చినా ఒక్కసారే మార్కు తగ్గించాలి. మిగతా చోట్ల గీత గీసి వదిలేయాలి. పెన్సిలు తీసి లెక్క వేసుకున్నాను. ఎస్తేరుకు రావలసినవి ముప్పై అయిదున్నర. నా మీద నాకే ఒళ్లు మండింది. ఆరేళ్ల సర్వీసులో అలాంటి నియమం ఒకటుందా అని ఎవరినీ అడిగిన పాపాన పోలేదు.

తిరిగొచ్చి హెడ్మాస్టరుతో చెప్పాను.

“రిజిస్టర్ల ఎక్కినంక మార్చుడు లేదు. జర చుప్ ఉండుండ్రి. గా పిల్లకు చెప్పి లేని పరేషాన్ ఎందుకు?”

మరి పటేలు కొడుకు మార్కులు ఎలా మారాయని అరిచాను. మర్నాడే సంజాయిషీ అడుగుతూ మెమో ఇచ్చారు. దాన్ని చింపి ఆయన బల్ల మీదే పెట్టాను. నాకు మహా తృప్తి కలిగింది. ఎస్తేరుకు మాత్రం ఒరిగిందేమీ లేదు.

ఆ సాయంత్రం వాళ్లింటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాను. నర్సు చోటు అప్పటికే వేరే పిల్లకు పోయింది. దావీదు తల వంచుకున్నాడు. ఎస్తేరు తునికాకు కట్టలు కడుతూనే వింది. వచ్చే ఏడు రాయమని, దగ్గరుండి చదివిస్తానని అన్నాను.

“గా ఎనిమిది తప్పులు నేను జేసినయే సార్. గీ తప్పు మీరు జేసిన్రు. మీకెన్ని మార్కులు కోసిన్రు?”

నాకెవరూ ఏమీ కోయలేదు. పైగా జూన్‌లో, స్కూలు ఫలితం బాగుందని మెచ్చుకుంటూ పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. అందులో నా పేరు కూడా ఉంది.

పేపరు దిద్దేవాడు కఠినంగా ఉండే ముందు నియమం చదవాలి. చదవకపోతే ఆ శిక్ష పిల్లలకే పడుతుంది, దిద్దినవాడికి పడదు.