పొయ్యి పక్కన పీట

మా పెద్దమావగారు పోయారని మొన్న పొద్దున్నే పాలు తెచ్చినావిడ చెప్పింది. మా ఆయనకు పెదనాన్న ఆయన. వినగానే నాకు ఏడుపు రాలేదు. "ఇయాల బడి ఉందా? పిల్లల్ని ఎవులు సూత్తన్నారు?" అని అడిగాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. అలా ఎందుకు అడిగానో చెప్పాలనే ఇది రాస్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. తప్పులు మా అమ్మాయి దిద్దింది.

మాది అనకాపల్లి పక్కన చెరకు పండించే ఊరు. అప్పట్లో బడి లేదు. చదువుకోవాలంటే తుమ్మపాల దాకా నడవాలి. దారిలో చెరకు లారీలు, వానాకాలం వాగు. రైతులందరూ కూర్చుని మన బడి మనమే పెట్టుకుందాం అనుకున్నారు. చోటు లేకపోతే పెద్దమావగారు తన బెల్లం వండే పాక ఇచ్చారు. టౌను నుంచి ఒక పంతులుగారు వచ్చారు. ఆయనకు రోజుకో ఇంట్లో భోజనం. మా వంతు వచ్చిన రోజు, కూరలో ఉప్పెక్కువై ఆయన బడే మానేసి పోతారేమోనని నాకు బెంగ.

మొదటి ఏడాది పుస్తకాలకు అట్టలు అతికించాలి. ఇంటి నిండా బెల్లం ఉండగా మైదా ఉడకబెట్టాలని ఎవరికీ తోచలేదు. అందరం పాకంతోనే అతికించాం. వారం తిరిగేసరికి పుస్తకాల నిండా చీమలు. పంతులుగారు తల పట్టుకున్నారు. పెద్దమావగారు ఒక పుస్తకం దులిపి, "సీమలు సదివేసినాయి పంతులుగారూ. ఇంక మన పిల్లలే మిగిలారు" అన్నారు.

గానుగాడే రోజులొచ్చాక నా అసలు భయం మొదలైంది. నరికిన చెరకు ఆగదు, వండాల్సిందే. పాక సగం చెరకు రసం కాచే పెనానికి, సగం బడికి, మధ్యన తాటాకు దడి. పొయ్యి గొయ్యి మాత్రం పిల్లలు నడిచే దారి పక్కనే. చెరకు పిప్పి మంట బయటికి ఎగుస్తూ ఉండేది. మా అమ్మాయికి ఆరేళ్లు. బడికి పంపడం మానేశాను. నాలుగో రోజు పెద్దమావగారు మా గుమ్మంలోకి వచ్చారు.

"పిల్లనెందుకు ఆపేసినావు?"

"ఆ గొయ్యిలో పడిపోద్దని బయ్యం మావా."

"నీకు వాన వచ్చినా బయ్యమే, రాపోయినా బయ్యమే గదమ్మా. సరే. గంట కొట్టినప్పుడల్లా ఆ గొయ్యి కాడ నేను కూకుంటాను. నీ పిల్ల పడాలంటే ముందు నన్ను దాటాల."

నమ్మకం కుదరక, సాయంత్రం వెళ్లి దూరంగా నిలబడ్డాను. ఆయన పొయ్యికీ దారికీ మధ్యన పీట వేసుకుని, కాళ్లు చాపి కూర్చున్నారు. గంట కొట్టేసరికి పెనంలో పాకం ముదురుతోంది. దించే అదను ఊళ్లో ఆయనకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. లోపలి నుంచి మా మరిది కేకేశాడు.

"పెదనాన్నా, పాకం ముదిరిపోతంది. లెగు."

"పిల్లలెల్లనీరా."

"మాడిపోద్ది."

"మాడితే రేపు ఇంకో పెనం వండుదుం. నువ్వు కలుపు."

ఆఖరి పిల్ల దాటిపోయేదాకా ఆయన లేవలేదు. ఆ పెనం బెల్లం నల్లగా దిగింది. చెరకు ఆయనదే. ఆ నల్ల బెల్లం దిమ్మలు బజారుకు పోలేదు, వాళ్లింట్లోనే తిన్నారు. మర్నాడు మా అమ్మాయికి జడ వేసి పంపాను. పదో తరగతి దాకా మళ్లీ ఆపలేదు.

ఆ పాక చోటే పక్కా బడి కట్టేదాకా ప్రతి గానుగ కాలం ఆయన ఆ పీట మీదే ఉన్నారు. నేను ఏనాడూ ఆయనకు ఒక మంచి మాట చెప్పలేదు. ఎదురుపడితే "జాగర్త మావా" అనేదాన్ని, అంతే. ఆయన నవ్వేవారు.

దహనమైన మర్నాడు బడి విడిచే వేళకు మనసాగక వెళ్లాను. ఆ గొయ్యి ఎప్పుడో పూడ్చారు, పైన సిమెంటు చేశారు. పిల్లలు పరుగున వచ్చి, సరిగ్గా అక్కడికి రాగానే కాస్త పక్కకు తిరిగి వెళ్తున్నారు. ఒక పిల్లను ఆపి అడిగాను, ఎందుకలా తిరిగి వెళ్తున్నారని.

"ఏమో మామ్మా, అందరూ అలగే ఎల్తారు."

చదునైన సిమెంటు నేల. దాని మీద ఎవరో కాళ్లు చాపి కూర్చున్నట్టు, ఆ కాళ్లు తొక్కకుండా పిల్లలు ఒకరి వెనక ఒకరు దాటిపోతున్నారు.