చెవి వంచిన మనిషి

మిల్లులో సమ్మె మాట గుసగుసగా నడుస్తున్న రోజులవి. పొల్లాచ్చి బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్ళో పాత నిబంధన తెరిచి, చుట్టూ అంతా తమిళమైనా మన తెలుగులోనే పలకరించాడు. యాజమాన్యం పంపిన మనిషేమోనని ముడుచుకున్నాను.

“యూదుల భాషలో వినేదానికీ, మాట వినేదానికీ ఒకటే మాట తంబీ. మన తెలుగు మాదిరే.”

“మా మిల్లు ముదలాళి మాట వినమని చెప్పేకి వచ్చినారా?”

ఆయన తెరిచిన పేజీ మీద వేలు పెట్టాడు. “ఐగుప్తులో ఇటికలు చేసే యూదు బానిసలు ఏడిస్తే, మొదట విన్నది దేవుడు. ఆజ్ఞలు ఇచ్చింది ఆ వెనకే. నీ మాట ఎవరు విన్నారు?”

అని పుస్తకం మూసి, చెవి నావైపు వంచాడు.

అంతవరకు నన్నలా అడిగినవాళ్ళు లేరు. నేను దిగే కినత్తుకడవు దాకా చెబుతూనే ఉన్నాను. దూది దుమ్ము, మా తమ్ముడి దగ్గు, చివరికి ఎవరెవరు పని ఆపబోతున్నారో కూడా. దిగాకగానీ తట్టలేదు, పేర్లన్నీ చెప్పేశానని. ఆయన పేరైనా అడగలేదు.

వారంపాటు మిల్లు గేటు దగ్గర నోటీసు బోర్డులో మా పేర్లున్నాయేమోనని వెతికాను. ఎవరినీ పనిలోంచి తియ్యలేదు. ఇప్పటికీ ఆయన్ని పూర్తిగా నమ్మను. కానీ ఇంట్లో పిల్లల్ని మాట వినమని గద్దించబోయిన ప్రతిసారీ, ముందు నా చెవే వంగుతుంది.