బావ కడిగిన నలుపు

మొన్న మా మేడ మీద సోలార్ పలకలు బిగించి వెళ్లారు. ఎండ వాలుతున్న వేళ ఒకదాని మీదికి వంగితే అందులో నా ముఖం, దాని వెనక మెల్లగా పోతున్న మబ్బు కనిపించాయి. వెలుతురును తాగాల్సిన పలక కొంత తిరిగి ఇచ్చేస్తోందన్నమాట. ఈ సంగతి నాకు మొదట చెప్పింది మా అక్క కూతురు. అది గుర్తొచ్చేసరికి గోదావరిఖనిలో అక్కవాళ్ల క్వార్టరు, బొగ్గుబాయిలో మొదటి షిఫ్టు చేసి వచ్చే బావ, కిటికీలో దుమ్ము బంగారంలా తేలే ఆ మధ్యాహ్నాలు ఒకదాని వెనక ఒకటి కదిలాయి.

మేనకోడలు అప్పుడు హైదరాబాద్‌లో పరిశోధన చేస్తుండేది. ఒక శనివారం చిన్న డబ్బీలో సోలార్ పలకల్లో వాడే సిలికాన్‌తో చేసిన, రూపాయి బిళ్లంత పలక తెచ్చింది. చుట్టూ అద్దంలా మెరుపు, నడుమ నల్లటి చదరం. రెప్పపాటును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్కంత సేపు లేజర్ తాకితే, వేడి లోపలికి దిగేలోపే పైపొర కరిగి గడ్డకడుతుందట. అలా మళ్లీ మళ్లీ తాకించగా కంటికి ఆనని మొనలు లేస్తాయట. వాటి సందుల్లో పడ్డ వెలుతురు అటూ ఇటూ తగులుకుంటూ లోపలే ఇంకిపోతుందట. ఆ నలుపు పూసిన రంగు కాదు, తిరిగి రాని వెలుతురు. ఆర్నెల్లు ఎదురుచూస్తే గానీ ఆమెకు ఆ యంత్రం దగ్గర వంతు రాలేదు. సోమవారం పెద్ద సారుకు చూపాల్సిన పలకను, ముందు వాళ్ల బాపుకు, అంటే మా బావకు, చూపాలని ఇంటికి తెచ్చింది.

గని ఇళ్లలో ఒక పద్ధతి ఉంది, డ్యూటీ దిగినవాళ్లు స్నానం చేయనిదే ఇంట్లో ఏదీ ముట్టరు. బావ స్నానం చేశాడు, కానీ గోళ్ల సందుల్లో బొగ్గు ఏ సబ్బుకూ పోయేది కాదు. మేం వంటింట్లో ఉండగా డబ్బీ తెరిచి, పలకను చేతిలోకి తీసుకుని, నడుమ నలుపు తన వేలి మరకే అనుకున్నాడు. మేం వచ్చేసరికి కొబ్బరి పీచుతో సగం చదరాన్ని మెరిపించి, ఇంకా తోముతున్నాడు.

"జర ఆగు బిడ్డ, నా చేతి మసి అంటింది. పోతది."

అక్క నెత్తి కొట్టుకుంది. "ఎన్నడన్న ఒక్క గిన్నె తోమినవా? ఇయ్యాల ఇదే దొరికిందా నీకు?"

మేనకోడలు పలక అందుకుని కిటికీ వైపు తిరిగి నిలబడిపోయింది. అది మసి కాదని తెలిశాక బావ అన్నం ముందు కూర్చున్నాడే గానీ చెయ్యి పెట్టలేదు. చివరికి ఆమే వచ్చి పక్కన కూర్చుని అంతా విడమరిచి చెప్పింది. ఆయన పలకలో మిగిలిన నలుపు వైపు చూసి అడిగాడు.

"లోపలికి పోయిన వెలుతురు మల్ల పైకి రాదా బిడ్డ?"

"రాదు బాపు."

"అయితే మేమే నయం. దినాం పోతం, దినాం వస్తం."

ఆమె నవ్వేసింది. అప్పుడు గానీ బావ ముద్ద కలపలేదు.

మిగిలిన సగం చాలదన్నారు సారు. మళ్లీ వంతు కోసం ఆర్నెల్లు. ఆ ఆర్నెల్లూ బావ ప్రతి ఆదివారం ఫోన్ చేసి వంతు వచ్చిందా అని అడిగేవాడు. కొత్త పలక తయారయ్యాక, సారు చూసి సరే అన్నాక, ఆమె దాన్ని ఇంటికి తెచ్చి పట్టుకొమ్మని ఎంత బతిమాలినా ఆయన చేతులు వెనక్కి కట్టుకునే చూశాడు.

ఇప్పుడు బావ లేడు, ఆయన దిగిన బాయీ మూతపడింది. నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గనుల్లో, చల్లటి క్యాబిన్లలో కూర్చుని యంత్రాలు నడిపి వచ్చే నేటివాళ్ల చేతులు తెల్లగా ఉంటాయి. ఇంట్లో దేన్నయినా చటుక్కున అందుకుంటారు. మంచిదే. కానీ బిడ్డ చేసిన పని ముందు అలా చేతులు వెనక్కి కట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనిషిని నేను మళ్లీ చూడలేదు.