గీకని రేకు

టర్పెంటైన్ డబ్బా మూత తీసినప్పుడల్లా నాకు ఆకలేస్తుంది. నవ్వకండి. దిల్‌సుఖ్‌నగర్‌లో మా నాయిన బోర్డులు రాసే దుకాణం, సరోజినమ్మ మెస్ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. మధ్యాహ్నమయ్యేసరికి గోంగూర తాలింపూ ఎనామిల్ ఘాటూ కలిసిపోయి, ఏది ఏ వాసనో తెలియకుండానే నేను పెరిగాను.

నల్గొండ పల్లె నుంచి వచ్చిన నాయినకూ, గుంటూరు వైపు నుంచి వచ్చిన ఆమెకూ యాస కలవదు గానీ, నాకు ముద్ద పెట్టనిదే ఆమె మధ్యాహ్నం బడికి పంపేది కాదు, బతుకమ్మ నాడు అమ్మ చేసిన సత్తుపిండి ముందు ఆమె ఇంటికే వెళ్లేది. పండుగకు గునుగు పూలను గులాబీ, ఆకుపచ్చ రంగుల్లో ముంచి ఆరబెట్టి, వరుస మీద వరుస గుండ్రంగా పేర్చేటప్పుడు తెలిసిందే నాకు రంగూ ఆకారమూ. ఆ తర్వాత ఏ ఆర్ట్ కాలేజీ కొత్తగా చెప్పింది లేదు.

మెస్ బోర్డు నాయినే రాశాడు: నీలం రేకు మీద పసుపు అక్షరాలు, వాటికి ఎర్రటి నీడ. ‘ఆంధ్రా మెస్’లో మొదటి అక్షరం నింపమని పదేళ్ల నా చేతికి కుంచె ఇచ్చాడు. కుంచె ఒత్తేసరికి తోక కాస్త లావైంది. అయినా ఎల్బీ నగర్ బస్సుల్లో వెళ్లే జనమంతా నా అక్షరమే చదువుతున్నారనుకునేదాన్ని.

తెలంగాణ ఉద్యమం వేడెక్కాక నాయిన ఊరేగింపులకు పోయేవాడు, బ్యానర్లు రాసేవాడు. బోర్డుల మీద ఆంధ్రా అన్న మాట ఉండొద్దని కుర్రాళ్లు దుకాణం దుకాణం తిరిగి చెప్పారు. “ఆ ముక్క చెరిపేయండి అన్నయ్యా, నాకెందుకొచ్చిన గొడవ,” అంది సరోజినమ్మ.

పాత బోర్డుకు కొత్త రంగు వెయ్యాలంటే ముందు రేకు తేలేదాకా గీకాలి. మా దుకాణంలో ఆ పని నాది. “అంచులు మిగలకుంట గీకు బిడ్డా,” అని చెప్పి నాయిన ర్యాలీకి వెళ్లాడు. నా అక్షరం మీద బ్లేడు పెట్టబుద్ధి కాలేదు. అదొక్కటే వదిలితే దొరికిపోతానని మాట మొత్తం వదిలేసి, మీద రెండు పూతలు నీలం పూసేశాను.

“గీకినవా?” అన్నాడు వచ్చాక.

“గీకిన.”

నా మాట నమ్మి, సరిగా చూసుకోకుండానే బోర్డు ఎక్కించాడు.

ఎండాకాలంలో పై పూత పెచ్చులుగా లేచి, ఆ మాట పసుపుపచ్చగా మళ్లీ బయటపడింది. సరోజినమ్మ మొండికేసిందనుకున్నారు కుర్రాళ్లు. రాళ్లు పడ్డాయి, సాంబారు గుండిగ దొర్లింది, బోర్డు రోడ్డు మీద పడింది. వారం తిరక్కుండా ఆమె సామాను ట్రాలీ ఆటోకెక్కించింది.

“మీరు కావాలనే వదిలేశారు కదా అన్నయ్యా?” అంది పోతూ పోతూ.

నాయిన ఒక్కసారి నా వైపు చూశాడు. “తప్పయింది చెల్లె,” అన్నాడు.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. గీకనిది నేనేనని ఒప్పుకోలేదు. అంత పిరికిదాన్ని.

ఇప్పుడు ఆ గోడ లేదు, మెస్ ఉన్నచోట సెల్‌ఫోన్ల కొట్టు, ఫ్లెక్సీలు వచ్చాక కుంచె పట్టేవాళ్లూ లేరు. సరోజినమ్మ ఎక్కడుందో తెలియదు. పాత రేకుల మీద పూత మీద పూత వేసి, ఎండిన గునుగు అతికించి, లోహం తేలేదాకా గీకి నేను చేసే బొమ్మల గురించి కళ తెలిసినవాళ్లు జ్ఞాపకాల పొరలని, రూపం మీద తిరుగుబాటని ఏవేవో రాస్తారు. రాసుకోనీ.

మొన్న నా బొమ్మల ప్రదర్శనకు నాయిన వచ్చాడు. ఒక నీలం రేకు ముందు ఆగి, గీకినచోట బొటనవేలితో చాలాసేపు తడిమాడు.

“ఇప్పుడు మంచిగ గీకినవ్ బిడ్డా,” అన్నాడు.