నాయన రాసిన మూడు వందల వాట్లు

మొన్న ప్రొద్దుటూరులో, మా కొత్త ఇంటి హాలులో దీపాలు తగ్గించుకుని కూర్చున్నప్పుడు, వాటి వెలుగు పెంచి తగ్గించే గోడమీది డిమ్మర్ నుంచి వేడెక్కిన ప్లాస్టిక్ వాసన సన్నగా తగిలింది. ఆలోచించకుండానే లేచి, చెయ్యి తిప్పి, వేళ్ళ వెనకవైపు దానికి ఆనించి చూశాను. అట్లా చూడమని నేర్పింది మా నాయన. ఆ వాసన నన్ను నేరుగా జమ్మలమడుగు తీసుకుపోయింది.

డిసెంబరు వస్తే పెన్న మీదినుంచి వచ్చే చలిగాలికి మిషన్ కాంపౌండులోని ఇళ్ళన్నీ తలుపులు దగ్గరికి వేసుకునేవి, ఏ తలుపు సందులోంచి చూసినా కజ్జికాయలో గులాబీ పూలో నూనెలో వేగుతూ ఉండేవి, మేం ఆడపిల్లలం అరుగుమీద అచ్చనగాయలు ఆడుతూనే క్రిస్మస్ పాటలు బట్టీ పట్టేవాళ్ళం. మా అమ్మలకు ఒక పిచ్చి ఉండేది. వస్తువేదైనా సరే, దానికి ఉన్నితో అల్లిన ముసుగు వేయాల్సిందే. రేడియోకు, టీవీకి, హార్మోనియానికి, చివరికి నీళ్ళ కూజాకు కూడా. ముసుగు లేని వస్తువు కనబడితే ఆ ఇల్లాలికి చేతకాదని చెప్పుకునేవారు.

నాయన దానియేలు ఊళ్ళో కరెంటు పని చేసేవాడు. చెవిమీద పెన్సిలు ఎప్పుడూ ఉండేది. పని ముగించాక స్విచ్‌బోర్డు పక్కన గోడమీద, దానిమీద ఎన్ని వాట్లు వేయవచ్చో రాసిగానీ సంచి సర్దేవాడు కాదు. సున్నం పాడుచేశాడని తిట్టిన వాళ్ళు కూడా, ఇల్లు అమ్మేటప్పుడు అది దానియేలు చేసిన పని అని ఆ అంకెలు చూపించి చెప్పుకునేవారు. ఈ మాట ఇప్పటికీ కొంచెం గొప్పగానే చెబుతాను.

ఒక ఏడు సండేస్కూలు నడిపే సుగుణమ్మ టీచరు ప్రొద్దుటూరు నుంచి గుడికి ఒక డిమ్మర్ తెచ్చింది. క్రీస్తు పుట్టుక పాట మొదలైనప్పుడు దీపాలు తగ్గాలి, చివరి చరణానికి మెల్లగా వెలగాలి. అరవై వాట్ల బల్బులు పది పెట్టమంది. నాయన పెట్టె తిప్పి చూశాడు, నాలుగు వందల వాట్లని ఉంది. పది బల్బులంటే ఆరు వందలు. తగ్గించి పెడితే తక్కువే తాగుతాయి కదా అని టీచరు వాదించింది. ఎంత తగ్గించినా లెక్క బల్బుమీద రాసిన దానితోనేనని, పైగా రాసినదాంట్లో ముప్పాతికే వాడతానని నాయన అయిదు బల్బులే బిగించి, గోడమీద మూడు వందలని రాశాడు. గుడి గుడిసెలాగా ఉందని టీచరు మూతి ముడుచుకుంది.

ఆ డిమ్మర్ బోసిగా ఉండడం నాకు నచ్చలేదు. పదేళ్ళదాన్ని, నాయన బిగించిన వస్తువు అందరి కళ్ళలో పడాలని ఎర్ర ఉన్నితో ముసుగు అల్లి, మెత్తగా ఉంటుందని లోపల స్పాంజి కుట్టి, ఎవరికీ చెప్పకుండా తొడిగాను. డిమ్మర్ పక్కల ఉన్న గాలి చిల్లులన్నీ మూసుకుపోయాయి.

పండగ ముందరి ఆదివారం, సాయంత్రం వెలుతురు ఉండగానే సాధన మొదలైంది. మూడో చరణంలో వాసన వచ్చింది. నేను వరుసలోంచి ఉరికి ముసుగు లాగేసి స్విచ్ ఆర్పాను. పాట ఆగిపోయింది. టీచరు అందరి ముందూ నాయన్ను అడిగింది.

“రాసిందానికన్నా తక్కవే ఏసినానంటివే దానియేలూ, మళ్ళా ఈ వాసన యాడిదప్పా?”

నాయన గోడమీది అంకె వైపు చూస్తూ మనసులో మళ్ళీ కూడుకుంటున్నాడు. తన లెక్కను తానే అనుమానిస్తున్న ఆ మొహాన్ని నేను భరించలేకపోయాను. వీపు వెనక దాచిన ముసుగు అందరికీ కనబడేట్టు ముందుకు పట్టుకున్నాను. స్పాంజి కరిగి ఒక మూల అంటుకుపోయి ఉంది.

“నేనే కప్పినా నాయనా.”

ఆయన దాన్ని తీసుకుని వేళ్ళ వెనకతో తడిమాడు. తిడతాడనుకున్నాను. చెవిమీది పెన్సిలు తీసి నా చేతిలో పెట్టాడు.

“లెక్క తప్పలేదు పాపా. గాలి ఆడల్లని రాయడం నేను మరిచిపోయినా. నువ్వు రాయి.”

టీచరు చూస్తుండగా, గుడి అంతా చూస్తుండగా, ఆయన అంకె కింద నా వంకర అక్షరాలతో ‘మూయరాదు’ అని రాశాను. అంత గర్వం నాకు ఆ తర్వాత ఉద్యోగం వచ్చినప్పుడు కూడా కలగలేదు.

ఇప్పుడు నాయన లేడు. అరవై వాట్ల బల్బులూ లేవు, కూజాల మీద ముసుగులూ లేవు. గుడికి రెండు మూడుసార్లు రంగులు పడ్డాయి, మా రాతలు వాటి అడుగున ఎక్కడో ఉన్నాయి. మొన్న డిమ్మర్ విప్పించి చూస్తే, పాత రకం బల్బులకు ఒక అంకె, ఎల్ఈడీలకు వేరే అంకె, చాలా తక్కువది, ఉంది. దాన్ని బిగించిన మనిషి మొదటిదే చూసుకున్నాడు. కొన్ని దీపాలు తీయించి సరిచేయించాను. అతను వెళ్ళిపోయాక పెన్సిలు తెచ్చి, కొత్త రంగు వేసిన గోడమీద ఎన్ని వాట్లో ఒక అంకె, దాని కింద ‘మూయరాదు’ అని రెండు వరుసలు రాశాను. పైది నాయనది, కిందిది నాది.